పదో మనిషి

మా క్లబ్బులో మొగుడూ పెళ్లాలు పక్కపక్కన నడవకూడదు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, నేను చేరేనాటికే ఆ పద్ధతి ఉంది. ఎప్పుడో ఒక జంట కొండమీద దారి గురించి మాటామాటా అనుకుని, అలిగి, చెరో లోయలోకి దిగిపోయారట. ఇద్దర్నీ వెతికి తెచ్చేసరికి మిగతావాళ్లకు తల ప్రాణం తోకకొచ్చిందట. అప్పటినుంచి హాడిల్‌డెన్ నడక క్లబ్బులో ఒకరు వరస ముందుంటే రెండోవాళ్లు వరస చివర ఉండాలి. నాకది హాయిగానే ఉండేది. వారమంతా ట్రెవర్ మొహం చూస్తూనే ఉంటాను, శనివారం ఒక్కపూట ఇంకొకరి వీపు చూస్తే తప్పేముంది?

ట్రెవర్ నా మొగుడు. ఉద్యోగమున్నంతకాలం బస్సు నడిపాడు. మొహమాటం ఎంతంటే, హోటల్లో తను అడిగింది కాకుండా వేరేది తెచ్చి పెట్టినా తినేసి, బాగుందని చెప్పి మరీ వస్తాడు. నేను బడి వంటశాలలో గరిటె తిప్పినదాన్ని, మొహమాటం ఏ దుకాణంలో దొరుకుతుందో కూడా నాకు తెలియదు. మా ఇద్దరికీ కలిపి దేవుడు ఒక్కటే నోరు ఇచ్చాడు, అది నా దగ్గరుంది.

ఏటా జనవరిలో ఒక శని, ఆదివారాలు మేం మా లాంకషైర్ జిల్లా వదిలి ఉత్తరాన వెస్ట్‌మోర్లాండ్ కొండల్లోకి వెళ్తాం. అక్కడ క్లబ్బుకొక పాత రాతి బస ఉంది. శుక్రవారం సాయంత్రం నేను మాంసం, బంగాళాదుంపలు కుండలో పెట్టి ఉడికిస్తాను. అందరూ తిని, పేకాడి, గురక పెడతారు. శనివారం పొద్దున్నే మాల్కమ్ ఈల ఊదుతాడు. మాల్కమ్ మా నాయకుడు, భూగోళం చెప్పిన మాస్టారు. కొండ ఎక్కామంటే మేమందరం అతనికి ఆరో తరగతి పిల్లలమే.

మమ్మల్ని లెక్కపెట్టడంలో కూడా మాల్కమ్‌ది అదో తరహా. ఆ కొండల్లో పూర్వపు గొర్రెలకాపర్లు గొర్రెల్ని లెక్కించడానికి వేరే అంకెలు వాడేవారు. యాన్ అంటే ఒకటి, టాన్ అంటే రెండు, అలా వెళ్తూ వెళ్తూ డిక్ అంటే పది. మాల్కమ్ ఎక్కడ ఆగినా తనను యాన్‌గా వేసుకుని, వరస పక్కనుంచి నడుస్తూ, చేతికర్రతో ఒక్కొక్కరి వీపు సంచి మీద తట్టి ఆ అంకెలు చదువుతాడు. తట్టించుకున్నవాళ్లు గొర్రెలాగా మే అనాలి. ముసలాళ్లం అందరం ఆ మే అనడానికే క్లబ్బులో చేరినట్టుండేది. ఇన్నేళ్లలో మాల్కమ్ లెక్క తప్పింది లేదు, మనిషిని వదిలేసి దిగివచ్చిందీ లేదు.

ఆ శనివారం మేం పదిమందిమి రావెన్ హౌ అనే కొండ ఎక్కాం. నేను వరసలో రెండోదాన్ని, ట్రెవర్ పదోవాడు, అతని ముందు క్లబ్బు కార్యదర్శి హేజెల్. మధ్యాహ్నానికి మబ్బు విడుతుందని పొద్దున రేడియోలో చెప్పారు. మబ్బు విడలేదు సరికదా, కిందికి దిగి మా నెత్తిన కూర్చుంది. దానికి తోడు మంచు రాలడం మొదలైంది. కొండ భుజం మీద పాత ఇనుప గుంజల కంచె ఒకటుంది. తీగలు ఎప్పుడో పోయాయి, గుంజలు మాత్రం నిలబడ్డాయి. వాటిని పట్టుకుని చివరి గుంజ దాకా వచ్చాం. అక్కడినుంచి శిఖరం మీది రాళ్లకుప్ప దాకా ఏ ఆనవాలూ లేదు, దిక్సూచిని నమ్ముకుని నడవాల్సిందే. మాల్కమ్ అక్కడ ఆగి లెక్కపెట్టాడు. పది. అందరం మే అన్నాం. ట్రెవర్ మే అందరికంటే మెల్లిగా వినిపించింది, ఎప్పటిలాగే.

ఆ పైన నడిచిన దారి గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. ఎత్తులంటే నాకు భయం లేదు. కానీ ఆ రోజు ఎత్తు కనబడలేదు, పల్లం కనబడలేదు. నేల తెలుపు, గాలి తెలుపు, నా చేతి తొడుగు కూడా తెలుపు. మాల్కమ్ వీపు ఒక్కటే మసగ్గా కదులుతుంటే దాన్నే చూస్తూ అడుగు వేశాను. గాలి ఎడమనుంచి కొట్టి అందర్నీ కుడికి నెడుతోంది. కుడివైపున కొండ తెగిపోయి ఉంటుంది. ఆ అంచు మీద గాలి మంచును ముందుకు తోసి చూరులాగా కడుతుంది. పైనుంచి చూస్తే అదీ నేలలాగే కనిపిస్తుంది, కింద మాత్రం ఏమీ ఉండదు. దాని మీద కాలు పెట్టినవాడికి పెట్టినట్టు తెలియదు. మాల్కమ్ ప్రతి కాసేపటికీ ఆగి ఎడమకు జరగమని చెయ్యి ఊపేవాడు. మేం జరిగేవాళ్లం. గాలి మళ్లీ కుడికి నెట్టేది.

మధ్యలో రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. నా వెనక నడుస్తున్నవాళ్లు ఇద్దరు కనిపించారు, ఆపైన తెలుపే. ట్రెవర్ ఎలా వస్తున్నాడో అనుకున్నాను. పక్కన నడిచే పద్ధతి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది. రాళ్లకుప్ప దగ్గర మాల్కమ్ మళ్లీ లెక్కపెట్టాడు. గాలి హోరులో అంకెలు ముక్కలుముక్కలుగా వినిపించాయి. చివర్న డిక్ అన్నది గట్టిగానే వినిపించింది, దానికి మే కూడా వినిపించింది. హమ్మయ్య అనుకుని దిగడం మొదలుపెట్టాను.

మబ్బు కిందికి వచ్చేసరికి లోయ కనబడింది, రాతిగోడల గొర్రెల దొడ్డి కనబడింది. దొడ్డి గోడ చాటున గాలి లేదు. అందరం సంచులు దించి చతికిలబడ్డాం. నవ్వులు, దగ్గులు, ముక్కులు చీదుకోవడం. ట్రెవర్ గోడ చివర్న ఒక్కడే నిలబడి ఉన్నాడు, టోపీ, కండువా, కళ్లద్దాలు అన్నీ మంచు పట్టి. మొహమాటస్తుడు, కూర్చోమని ఎవరైనా చెబితే తప్ప కూర్చోడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి తీసుకెళ్లి చేతికిచ్చాను. చల్లారకముందే తాగమన్నాను. అతను కండువా కిందికి లాగాడు. లోపల ఎర్రగడ్డం ఉంది.

ముప్పై ఏళ్లుంటాయేమో. నేనెప్పుడూ చూడని మొహం. ఎవరో అపరిచితుడు నా చేతి టీ పట్టుకుని సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు.

“చాలా థాంక్సండీ. మీరు పొరబడుతున్నారేమో, నేను మీ క్లబ్బువాణ్ణి కాదు” అన్నాడు.

తిరిగి మావాళ్లను చూశాను. తొమ్మిది మొహాలు, నాతో కలిపి. ఒక్కొక్క మొహమూ వెతికాను. ఉన్నవాళ్లే మళ్లీ మళ్లీ కనిపించారు. ట్రెవర్ ఏడీ అని అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అడిగాను. ఈసారి అందరి నవ్వులూ ఆగిపోయాయి.

ఆ కుర్రాడి పేరు జూలియన్. దక్షిణాది వాడు, ఒంటరిగా కొండకు అవతలి వైపునుంచి ఎక్కాడు. మబ్బులో దారి తప్పి, అటూ ఇటూ తిరిగి, ఇక చచ్చిపోతానని అనుకుంటుంటే ఒక వరస తోక కనిపించిందట. పరిగెత్తుకొచ్చి ఆ తోక పట్టుకున్నాడు. మరి చెప్పి చావొచ్చు కదా అని మాల్కమ్ అరిచాడు. జూలియన్ చెప్పిన జవాబు వింటే నాకు వాడి పీక నులమాలనిపించింది. అందరూ మాట్లాడకుండా నడుస్తున్నారట, మధ్యలో పలకరిస్తే బాగుండదనిపించిందట. కిందికి దిగాక తీరిగ్గా పరిచయం చేసుకుందామనుకున్నాడట.

“మరి లెక్క?” అన్నాడు మాల్కమ్. “నేను తట్టాను కదా నిన్ను?”

“తట్టారండీ. నా ముందు అందరూ మే అన్నారు. నేనూ మే అన్నాను.”

ఎవరూ నవ్వలేదు. హేజెల్ ఏడవడం మొదలుపెట్టింది. తను వెనక్కి చూసినప్పుడల్లా ఒక మనిషి ఉన్నాడంది, మంచు కప్పేసిన మనిషి, ట్రెవర్ అంత పొడుగు మనిషి. ఆమె తప్పేం లేదు. నేను తాళికట్టించుకున్నదాన్ని కాకపోయినా ఉంగరం తొడిగించుకున్నదాన్ని, నేనే గుర్తుపట్టలేక టీ ఇచ్చాను.

ట్రెవర్ ఎక్కడ ఆగిపోయి ఉంటాడో నాకు వెంటనే అర్థమైంది. ఆ వయసు మగవాళ్లకు చలిలో ఒంటేలు ఆగదు. ఆగాల్సి వస్తే ముందున్నవాళ్లకు చెప్పి ఆగాలన్నది కొండమీద మొదటి నియమం. ట్రెవర్ ముందున్నది హేజెల్, ఆడమనిషి. ప్రాణం పోయినా ఆమెతో ఆ మాట చెప్పడు. ఒక్క నిమిషంలో వచ్చి కలుసుకుంటాననుకుని ఉంటాడు. ఒకడు మొహమాటపడి వరసలోంచి తప్పుకున్నాడు, ఇంకొకడు మొహమాటపడి ఆ ఖాళీలో దూరాడు. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అనలేదు.

నువ్వు వరస పట్టుకున్నప్పుడు అక్కడ ఇంకెవరైనా కనబడ్డారా అని జూలియన్‌ను నిలదీశాను. కనబడలేదన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, టీ మూతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“వెనకనుంచి ఎవరో పిలిచారండీ. మెగ్, మెగ్ అని. ఎవరో కుక్కని పోగొట్టుకున్నారనుకున్నాను.”

ఆ కొండల్లో సగం గొర్రెకుక్కల పేరు మెగ్. ఆ పేరు పెట్టి మా క్లబ్బులో నన్ను ఏడిపించనివాళ్లు లేరు. జూలియన్‌కు చెప్పాను, మెగ్ అంటే నేనేనని. పాపం వాడు టీ కింద పెట్టేసి తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ క్షణంలో వాడిమీద జాలి రాలేదు. నా మొగుడు ఆ తెలుపులో నిలబడి నన్ను పిలుస్తున్నాడు, నేను వినకుండా నడిచి వచ్చేశాను.

ఆ లోయలో ఫోన్లు పనిచేయవు. హేజెల్ మిగతావాళ్లను తీసుకుని దిగి, మొదటి ఇంట్లోంచి కొండరక్షణ దళానికి ఫోన్ చెయ్యాలని నిర్ణయించారు. వాళ్లు వచ్చి ఎక్కేసరికి చీకటి పడుతుంది. చీకట్లో, ఆ చలిలో కూర్చున్న మనిషి ఎంతసేపు ఉంటాడో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనలేదు. తాను జూలియన్‌ను వెంటబెట్టుకుని వెనక్కి వెళ్తానన్నాడు మాల్కమ్. నేను సంచి తగిలించుకున్నాను.

“నువ్వు కిందికెళ్లు తల్లీ” అన్నాడు మాల్కమ్. “వెతకడానికి ఇంటిమనిషి రాకూడదు. కళ్లు పనిచేయవు.”

“నీ కళ్లు పనిచేశాయా, మాల్కమ్?”

అతను సంచిలోంచి తాడు తీసి ముగ్గురికీ కట్టాడు. వేసిన ముడినే విప్పి మళ్లీ వేశాడు. అంత పెద్దమనిషే తన ముడిని నమ్మకపోతే నాకు ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

మళ్లీ మబ్బులోకి ఎక్కాం. దిగి వచ్చిన మా అడుగులు అప్పటికే పూడిపోయాయి. రాళ్లకుప్ప దగ్గరనుంచి మాల్కమ్ దిక్సూచి పట్టుకుని, జూలియన్‌ను తాడు పొడవునా ముందుకు పంపేవాడు. వాడు కనబడకుండా పోయే ముందు ఎడమకో కుడికో జరిపించి నిలబెట్టేవాడు. మేం వాడి దాకా నడిచేవాళ్లం. మళ్లీ అదే. నత్తనడక. ఇప్పుడు అంచు ఎడమవైపున ఉంది, గాలి కుడినుంచి కొడుతోంది. ప్రతి అడుగుకూ ముందు మంచుగొడ్డలి పిడిని నేలలో గుచ్చి, అది రాయికి తగిలితేనే కాలు పెట్టాను. ఒకసారి పిడి ఎంత గుచ్చినా ఏమీ తగల్లేదు. ఊపిరి బిగబట్టి కుడికి పాకాను.

నడుస్తున్నంతసేపూ నాకు నేను ఒకటే చెప్పుకున్నాను. ట్రెవర్ కదలడు. ఎక్కడ వదిలితే అక్కడ ఉండే మనిషి. నేను దుకాణంలోకి వెళ్లి గంట తర్వాత వచ్చినా, నిలబెట్టిన చోటే సంచులు పట్టుకుని నిలబడి ఉంటాడు. దారి తప్పితే కదలొద్దని మాల్కమ్ చెప్పే మాట అందరం మరిచినా ట్రెవర్ మరవడు. పోయినచోటే వెతుక్కోవాలంటారు. చివరి గుంజ దగ్గరికి చేరితే చాలు, అక్కడ ఉంటాడు. తిడతాను. ముందు ముద్దు పెట్టుకుని, తర్వాత ఇంటికెళ్లేదాకా తిడతాను.

చివరి గుంజ దొరికింది. ట్రెవర్ లేడు.

గుంజ పక్కన రాతి గుట్ట ఒకటి మోకాలెత్తున ఉంది. దాని చాటున మంచులో పసుపు మరక ఉంది. దాని పక్కన ఒక గుంట, మనిషి చాలాసేపు కూర్చుంటే పడే గుంట. ఇంత వయసొచ్చాక ఒంటేలు మరక చూసి ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు. కూర్చున్నాడు. నేననుకున్నట్టే కదలకుండా కూర్చున్నాడు. మరి ఎందుకు లేచాడు?

జూలియన్ నా భుజం తట్టి నేల చూపించాడు. గుంటలోంచి అడుగులు బయల్దేరాయి. సగం పూడినా ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. అవి మేం వెళ్లిన దారివైపు వెళ్లలేదు, వచ్చిన దారివైపు వెళ్లలేదు. నేరుగా అంచు వైపు వెళ్లాయి.

మాల్కమ్ ముందుకు రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేను ఆగలేదు. తాడు బిగిసి నన్ను వెనక్కి గుంజింది. అప్పుడు గాలి ఒక్క క్షణం తెరిపి ఇచ్చింది. ఆ తెరిపిలో నా పేరు వినబడింది. మెగ్, అని. నేల లేని వైపునుంచి. గొంతు బొంగురుపోయింది, కానీ అతనిదే. మళ్లీ వినబడింది. అతను మావైపు పిలవడం లేదు. కిందికి, లోయలోకి పిలుస్తున్నాడు.

ముగ్గురిలో తేలికైనదాన్ని నేనే. మాల్కమ్ గొడ్డలిని గుంజ మొదట్లో దిగేసి, తాడు దానికి చుట్టి, కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాడు. జూలియన్ అతని నడుము పట్టుకున్నాడు. నేను బోర్లా పడుకుని పాకాను. మంచు మొహంలో కొడుతోంది. పక్కన అడుగులు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. మొదట బూట్ల కిందిభాగాలు కనబడ్డాయి. తర్వాత కాళ్లు. ట్రెవర్ బోర్లా పడుకుని ఉన్నాడు, తల అంచు అవతల ఉంది. సంచి విప్పి పక్కన పెట్టుకున్నాడు. అతనికీ నాకూ మధ్య మంచులో సన్నటి నీలం గీత ఉంది, వేలు పట్టేంత. చూరు కొండనుంచి విడిపోవడానికి సిద్ధంగా ఉంటే అలాంటి గీత పడుతుంది. నా మొగుడు ఆ గీతకు అవతల ఉన్నాడు.

నోరున్నదాన్నే గానీ ఇప్పుడు అరవకూడదు. అరిస్తే ఉలిక్కిపడి లేస్తాడు. లేస్తే చూరు ఆగదు. పొద్దున అతన్ని నిద్రలేపే గొంతుతో, మెల్లిగా, “ట్రెవర్, రా” అన్నాను.

అతని తల కదిలింది. కానీ వెనక్కి తిరగలేదు, ఇంకా ముందుకు వంగింది.

“వస్తున్నా మెగ్” అన్నాడు, కిందికి చూస్తూ. “కదలకు. అక్కడే ఉండు, వస్తున్నా.”

నేను కింద ఉన్నాననుకుంటున్నాడు. నా గొంతు లోయలోంచి వచ్చిందనుకుంటున్నాడు. చూస్తుండగానే భుజాలు అంచు దాటించి, మోచేతుల మీద ముందుకు జరిగాడు. ఆ తర్వాత నేనేం ఆలోచించానో చెప్పమంటే చెప్పలేను, ఆలోచించలేదు. నీలం గీత మీదనుంచి దూకి రెండు చేతులతో అతని కాలు పట్టుకున్నాను. వెనక ఉన్నాను, నీ వెనక ఉన్నానని అరిచాను. ఏమేం తిట్లు తిట్టానో కూడా తెలియదు. అతను తల తిప్పి చూశాడు. దయ్యాన్ని చూసినట్టు చూశాడు. నా నడుము దగ్గర తాడు బిగిసింది. మాల్కమ్, జూలియన్ కలిసి లాగారు. నేను ట్రెవర్ కాలు పట్టుకుని ఉన్నాను, అతను మంచులో గోళ్లు దించుకుని వెనక్కి పాకుతున్నాడు. కడుపు కింద నేల ఒకసారి కుంగింది.

గీతకు ఇవతల పడ్డాక వెనక్కి చూశాను. ట్రెవర్ పడుకున్న చోటు లేదు. పక్కన పెట్టిన సంచి లేదు. చప్పుడు కూడా లేకుండా పోయాయి. కాసేపటికి ఎక్కడో చాలా కిందినుంచి దడదడమన్నది.

నలుగురం రాతి గుట్ట చాటున ఒకరిమీద ఒకరు పడి కూర్చున్నాం. ట్రెవర్ పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్లు టకటకలాడుతున్నాయి. జూలియన్ తన కోటు విప్పి అతనికి తొడిగాడు, వాడి టోపీ కూడా పెట్టాడు. మాల్కమ్ టీ తాగించాక అతనికి మాట వచ్చింది. చెప్పినదంతా తునకలు తునకలుగా చెప్పాడు.

మొదట భయపడలేదట. రాళ్లకుప్ప దగ్గర మాల్కమ్ లెక్కపెడతాడు, ఒకరు తగ్గుతారు, వెనక్కి వస్తారు, ఎంతసేపు కనుక అనుకున్నాడట. కూర్చున్నాడట. ఎవరూ రాలేదు. ఇంకా కూర్చున్నాడట. మాల్కమ్ లెక్క తప్పడు. లెక్క తప్పనివాడు వెనక్కి రాలేదంటే, రావడానికి మనిషి మిగల్లేదన్నమాట. తెల్లటి మబ్బులో గాలి కుడికి నెట్టింది, ముందున్న మాల్కమ్ చూరు మీద కాలు పెట్టాడు, వెనకున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు, రెండోది మెగ్. అలా లెక్క వేసుకుని లేచాడట. ఇదంతా మాల్కమ్ ఎదురుగానే చెప్పాడు, నిష్ఠూరంగా కాదు, మామూలుగా. మాల్కమ్ మొహం అటు తిప్పుకున్నాడు.

నాకు అప్పటికి కాస్త ఊపిరి వచ్చింది, ఊపిరితోపాటు కోపమూ వచ్చింది. అంచు దాకా ఎవరు పొమ్మన్నారని అడిగాను. కిందికి పిలిస్తే చాలదా, మొత్తం వంగి అవతల పడాలా అని అడిగాను. సంచి ఎందుకు విప్పావని అడిగాను.

“అది వీపు మీద ఉంటే దిగడం కష్టం కదా” అన్నాడు ట్రెవర్.

“ఎక్కడికి దిగడం?”

“నువ్వు కింద ఉన్నావనుకున్నాను మెగ్.”

ఇంట్లో మేడమెట్లు దిగేటప్పుడు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు నొప్పని మెట్టుమెట్టుకూ ఆగే మనిషి. ఆ నిలువు గోడను, ఆ తెలుపులోంచి, ఒట్టి చేతులతో దిగి నా దగ్గరికి వద్దామనుకున్నాడు. నేను ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే దిగేవాడు. ఆ రోజు పొద్దుటినుంచీ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ మాట విన్నాక పట్టుకున్న వణుకు ఒక ఎత్తు. మాల్కమ్ లేచి, వెలుతురు ఉండగానే కదలాలని, ట్రెవర్‌ను నిలబెట్టాలని, ముందు అతని కాలు వదలమని నాకు చెప్పాడు. అప్పుడు చూసుకున్నాను. నా రెండు చేతులూ ఇంకా అతని చీలమండను పట్టుకునే ఉన్నాయి. వదులుదామని చూశాను, వేళ్లు విడివడలేదు.